తెగిన తలకు మళ్లీ మెదడు: ప్లనేరియా పరిశోధన చరిత్ర

ప్లనేరియా మంచినీటిలో బతికే చిన్న పురుగు. పొడవు సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, ఒళ్లు బల్లపరుపు. రాళ్ల అడుగున, నీట నానిన ఆకుల కింద, వెలుతురు తగలని చోట జారుతున్నట్టు పాకుతుంది. పేగుల్లో చేరే బద్దె పురుగు, గొర్రెల కాపరులు భయపడే కార్జపు జలగ కూడా బల్లపరుపు పురుగులే. అవి ఇంకో జీవి ఒంట్లో చేరి బతుకుతాయి, ప్లనేరియా తన తిండి తానే వెతుక్కుంటుంది. దాని తలలో రెండు తమ్మెల మెదడు, మెదడుకు పైగా రెండు నల్లటి కంటి చుక్కలు ఉంటాయి. మెదడు నుంచి పొట్ట వైపుగా తోక దాకా రెండు నాడీదండాలు సాగుతాయి, వాటిని అడ్డనాడులు నిచ్చెన మెట్లలా కలుపుతాయి. డోపమిన్, సెరటోనిన్, ఎసిటైల్ కోలిన్ వంటి, మనిషి మెదడులో పనిచేసే రసాయనాలే ఈ పురుగు నాడుల్లోనూ పనిచేస్తాయి. తల పూర్తిగా తీసేసినా మిగిలిన మొండెం వారం రోజుల్లో కొత్త మెదడును, కొత్త కళ్లను పెంచుకుంటుంది. తోక ముక్కలో మెదడు కణం ఒక్కటి కూడా ఉండదు. అయినా దాని నుంచి పూర్తి మెదడు వస్తుంది.

ఈ శక్తిని 18వ శతాబ్దంలోనే పీటర్ సైమన్ పల్లాస్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త గమనించాడు. 1814లో ఎడిన్‌బరోకు చెందిన జాన్ గ్రాహమ్ డాలియెల్ ఈ పురుగుల మీదే ఒక పుస్తకం అచ్చువేశాడు. ఆనాటి పనిముట్లు పదునైన కత్తి, గాజు పాత్ర, ఓపిక. పురుగును అడ్డంగా కోయడం, నిలువుగా చీల్చడం, తల మధ్యలో గాటు పెట్టి రెండు తలలు రప్పించడం, చూసింది చూసినట్టు బొమ్మ గీయడం, ఇదే పని. వంద సంవత్సరాల పాటు యూరప్, అమెరికాల్లో ఎందరో ఈ పని చేశారు గానీ, తోక ముక్కకు తల ఎలా గుర్తుంటుందన్న ప్రశ్న మాత్రం అలాగే నిలిచిపోయింది.

ఆ ప్రశ్నను సూటిగా పట్టుకున్నవాడు థామస్ హంట్ మోర్గాన్. తర్వాతి కాలంలో పండు ఈగల మీద పనిచేసి, వంశపారంపర్యంలో క్రోమోజోముల పాత్రను తేల్చి, 1933లో నోబెల్ బహుమతి అందుకున్న మోర్గాన్ ఇతనే. 1898 నాటికి అతను ప్లనేరియాలను కోస్తున్నాడు. పురుగు ఒంట్లో 279వ వంతు ముక్క కూడా పూర్తి పురుగు కాగలదని లెక్కగట్టాడు. ఆ సంఖ్య చాలా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. అంతకంటే విలువైన గమనిక ఇంకొకటి ఉంది. మామూలుగా ముక్క ముందు అంచున తల, వెనుక అంచున తోక వస్తాయి. ముక్క మరీ పొట్టిదైతే కొన్నిసార్లు రెండు అంచులా తలలే వస్తాయి. అంటే ముక్కకు తన ముందు ఏదో, వెనుక ఏదో తెలియడానికి ఒంటి పొడవునా ఏదో ఒక తేడా ఉండాలి, ముక్క పొట్టిదైనకొద్దీ ఆ తేడా మసకబారుతూ ఉండాలి. షికాగోలో చార్ల్స్ మానింగ్ చైల్డ్ ఇదే ఆలోచనను పట్టుకుని, తల నుంచి తోక దాకా క్రమంగా తగ్గుతూ పోయే ప్రవణతల సిద్ధాంతాన్ని పెంచాడు. ఆ తేడా ఏ పదార్థానిదో చూపించే సాధనం ఆ తరానికి లేదు. మోర్గాన్ ఈగల వైపు మళ్లాడు.

మరో వైపు, కొత్త కణాలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న వెతుకులాట సాగింది. అమెరికాలోని బ్రిన్ మార్ కళాశాలకు చెందిన హ్యారియెట్ రాండాల్ఫ్ 1890లలో కొత్త కణాలను పుట్టించే కణాలకు నియోబ్లాస్టులు అని పేరుపెట్టింది. 1904లో బార్డీన్, బెట్యెర్ అనే ఇద్దరు, ఎక్స్‌రే కిరణాలు తగిలిన పురుగు తెగిన భాగాన్ని పెంచుకోలేదని చూపించారు. కిరణాలు చంపుతున్నది విభజన చెందే కణాలనే అని తర్వాత తేలింది. 1940ల చివర ఫ్రాన్స్‌లో ఎటియెన్ వోల్ఫ్, ఫ్రాన్స్వాజ్ దుబ్వా పురుగు ముందు సగాన్ని మాత్రమే కిరణాలకు గురిచేసి తల కోశారు. తల ఆలస్యంగానైనా వచ్చింది. కిరణాలు సోకిన భాగం ఎంత పొడవుంటే ఆలస్యం అంత పెరిగింది. కిరణాలు తగలని వెనుక సగం నుంచి నియోబ్లాస్టులు నడిచి వచ్చి పని చేశాయని వాళ్లు నిర్ధారించారు. నియోబ్లాస్టులే కొత్త కణాలకు మూలమన్నదానికి తిరుగులేని రుజువు 2011లో అమెరికాలోని వైట్‌హెడ్ సంస్థలో పీటర్ రెడ్డియన్ బృందం ఇచ్చింది. కిరణాలతో సొంత నియోబ్లాస్టులన్నీ పోగొట్టుకుని చావుకు దగ్గరైన పురుగులోకి ఒకే ఒక్క నియోబ్లాస్టును ఎక్కించారు. ఆ ఒక్క కణం సంతతి ఒళ్లంతా నిండి, నాడులతో సహా అన్ని కణజాలాలనూ తిరిగి పోసింది.

మధ్యలో 1950లు, 60లలో మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ మెకానెల్ ఈ పురుగులకు బయట కూడా పేరు తెచ్చాడు. వెలుతురుకు భయపడేలా శిక్షణ ఇచ్చిన పురుగును రెండుగా కోస్తే తోక నుంచి పెరిగిన కొత్త పురుగుకూ ఆ శిక్షణ గుర్తుంటుందని అతను ప్రకటించాడు. శిక్షణ పొందిన పురుగును తిన్న పురుగుకు జ్ఞాపకం అందుతుందన్న అతని మరో మాట ఇతర ప్రయోగశాలల్లో నిలబడలేదు, దాంతో ఆ మార్గం మొత్తానికే చెడ్డపేరు వచ్చింది. 2013లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో తల్ షొమ్రత్, మైకేల్ లెవిన్ మనిషి చెయ్యి తగలకుండా యంత్రంతో శిక్షణ ఇచ్చి పరీక్షించారు. తల పోగొట్టుకుని పెంచుకున్న పురుగులు కొద్దిపాటి పునఃశిక్షణతోనే పాత అలవాటును అందుకున్నాయని రాశారు. ఆ జ్ఞాపకం ఒంట్లో ఏ రూపంలో నిలిచిందన్నది మాత్రం ఆ ప్రయోగంతో తేలలేదు.

అణువుల స్థాయిలో ఈ కథ నిజంగా మొదలైంది బార్సిలోనాలో. అక్కడి మోన్‌జూయిక్ కొండ మీద పాడుబడ్డ నీటి తొట్టిలో పట్టిన ప్లనేరియాలను 1990ల చివర అలెహాంద్రో సాంచెజ్ అల్వరాడో, ఫిలిప్ న్యూమార్క్ అమెరికా తీసుకెళ్లారు. ఒకే పురుగు నుంచి ముక్కలు చేస్తూ పెంచిన ఆ వంశమే ఇప్పుడు ప్రపంచంలోని ఎన్నో ప్రయోగశాలల్లో ఉంది. జాతి పేరు ష్మిట్టియా మెడిటెర్రేనియా. 1998లో నులిపురుగుల్లో ఆర్ఎన్ఏ ఇంటర్‌ఫియరెన్స్ అనే పద్ధతి వెలుగులోకి వచ్చింది. ఏ జన్యువును నోరు మూయించాలో దానికి సరిపోలే రెండు పోగుల ఆర్ఎన్ఏను కణంలోకి పంపితే ఆ జన్యువు తయారుచేయించే ప్రోటీన్ ఆగిపోతుంది. మరుసటి సంవత్సరమే ఈ ఇద్దరూ అదే పద్ధతి ప్లనేరియాల్లోనూ పనిచేస్తుందని చూపించారు. తర్వాత పురుగుకు పెట్టే కాలేయపు ముద్దలో ఆ ఆర్ఎన్ఏను కలిపి తినిపించడం మామూలైంది. కత్తి ఒక్కటే పనిముట్టుగా ఉన్న వృత్తికి ఇది రెండో పనిముట్టు. ఏ జన్యువును ఆపితే ఏ భాగం తప్పుగా పెరుగుతుందో ఒక్కొక్కటిగా చూడటం అప్పుడు సాధ్యమైంది.

ఆ పరిశోధనల నుంచి తేలిన క్రమం ఇది. కోత పడగానే గాయం చుట్టూ కండరాలు బిగిసి గాయాన్ని మూస్తాయి. కణాల లోపల ఈఆర్‌కే అనే సంకేత ప్రోటీన్ నిమిషాల్లో చురుకవుతుంది, అరగంట నుంచి గంటలోపు గాయానికి స్పందించే జన్యువులు మేలుకుంటాయి. సుమారు 6 గంటలకు ఒళ్లంతా నియోబ్లాస్టుల విభజన ఉధృతమవుతుంది. చిన్న గాటు పడినా ఇంతవరకూ జరుగుతుంది. నిజంగా ఒక భాగం పోయినప్పుడు మాత్రం దాదాపు 48 గంటలకు గాయం దగ్గర రెండో ఉధృతి వస్తుంది. అంటే పురుగు ఒళ్లు గాయాన్నీ, నష్టాన్నీ వేరువేరుగా గుర్తిస్తుంది. అదే సమయంలో పాత కణాలు కొన్ని చచ్చిపోయి, మిగిలిన ఒళ్లు కొత్త కొలతకు సర్దుకుంటుంది.

ఇక ముందు వెనుకల సంగతి. వింట్ అనే సంకేత ప్రోటీన్లు కణంలో బీటా-కెటెనిన్‌ను నిలబెడతాయి. బీటా-కెటెనిన్ ఎక్కువున్న చోట తోక, తక్కువున్న చోట తల ఏర్పడతాయి. 2008లో మూడు ప్రయోగశాలలు విడివిడిగా ఈ మాట తేల్చాయి. బీటా-కెటెనిన్ జన్యువును ఆపితే తోక రావలసిన చోట మెదడుతో, కళ్లతో సహా రెండో తల వచ్చింది. ఇంకా కొంతకాలం ఉంచితే ఒంటి పక్కల నుంచి కూడా తలలు మొలిచాయి. వింట్-1 జన్యువు ఏ గాయం దగ్గరైనా మేలుకుంటుంది. దాన్ని అడ్డుకునే నోటమ్ అనే జన్యువు మాత్రం ముందు వైపుకు తెరుచుకున్న గాయం దగ్గరే ఎక్కువగా మేలుకుంటుందని 2011లో రెడ్డియన్ బృందం చూపించింది. మోర్గాన్ చూసిన రెండు తలల పొట్టి ముక్కలకు, చైల్డ్ ఊహించిన ప్రవణతకు శతాబ్దం తర్వాత పదార్థాల పేర్లు దొరికాయి.

ఈ సంకేతాలను మోసేవి ఏ కణాలు? నాడీకణాలో నియోబ్లాస్టులో అయి ఉంటాయని చాలామంది అనుకున్నారు. 2013లో వచ్చిన జవాబు కండరం. చర్మం కింద పరుచుకున్న కండర కణాలే ఒంట్లో ఏ చోటు ఏదో తెలిపే జన్యువులను వెలిగించి ఉంచుతాయి, పొలాల గట్ల మీద పాతిన హద్దురాళ్లలాగా. ఏ చోట తెగినా మిగిలిన కండరంలోని ఆ గుర్తులు సర్దుకుని, పోయిన భాగం హద్దులను తిరిగి గీస్తాయి. నియోబ్లాస్టులు ఆ హద్దులను బట్టి తాము ఏమవ్వాలో నిర్ణయించుకుంటాయి. ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు ఇదే అనిపిస్తుంది. వంద సంవత్సరాలకు పైగా పరిశోధకులు కణాల కోసం వెతికారు. కణాలు దొరికాక, వాటికి దారి చూపే సమాచారమే అసలు సంగతి అని తెలిసింది.

మెదడు తలలోనే ఎందుకు ఆగుతుంది అన్న ప్రశ్నకు జపాన్‌లో జవాబు దొరికింది. కియోకాజు అగాటా, ఫ్రాన్సెస్క్ సెబ్రియా తదితరులు 2002లో నౌ-దరాకె అనే జన్యువును వెల్లడించారు. దాన్ని ఆపితే మెదడు కణజాలం తల దాటి ఒంట్లోకి పాకింది, మధ్యలో అదనపు కళ్లు వచ్చాయి. మెదడును పుట్టించే శక్తి ఒంట్లో విస్తారంగా ఉందని, దాన్ని తలకే పరిమితం చేసే కట్టుబాటు వేరే ఉందని దీనివల్ల అర్థమైంది.

అన్ని ప్లనేరియాలకూ ఈ వరం లేదు. డెండ్రోసీలమ్ లాక్టియం అనే పాల రంగు పురుగు ఒంటి వెనుక సగంలో కోస్తే తల పెంచుకోలేదని 1901లోనే ఫ్రాంక్ లిల్లీ రాశాడు. 2013లో జర్మనీ, జపాన్, అమెరికాల నుంచి మూడు బృందాలు ఇలాంటి మూడు జాతులను పరీక్షించి ఒకే ఫలితానికి వచ్చాయి. వాటి వెనుక సగంలో వింట్ సంకేతం మోతాదు మించి ఉంది. బీటా-కెటెనిన్‌ను తగ్గించగానే, ప్రకృతిలో ఎన్నడూ తల పెంచుకోలేని ఆ తోకలు మెదడుతో, కళ్లతో తల పెంచుకున్నాయి. పోయిన శక్తి వెనక్కి రావడానికి ఒక్క సంకేతాన్ని సరిచేస్తే చాలింది. గాయపడిన నాడుల గురించి ఆలోచించే ఎవరికైనా ఇది ఆశ కలిగించే ఫలితం. మనిషి వెన్నుపాముకూ ఇంత సులువైన మీట ఉందని దీనర్థం కాదు, మనిషి ఒంట్లో నియోబ్లాస్టులు లేవు.

బద్దె పురుగులకు వాడే ప్రాజిక్వాంటెల్ మందుకూ ఈ కథలో చోటుంది. తల తోక రెండూ కోసిన ప్లనేరియా ముక్కను ఆ మందు కలిపిన నీటిలో కొన్నాళ్లు ఉంచితే రెండు వైపులా తలలే వస్తాయని 2009లో అమెరికాలో జోనథన్ మార్చంట్ బృందం ప్రకటించింది. కణాల్లోకి కాల్షియం ప్రవాహం మారడమే దీనికి మూలం. పరాన్నజీవిని చంపే మందు దాని బంధువు ఒంట్లో ముందు వెనుకల లెక్కను తారుమారు చేయడం, ఆ మందు ఎలా పనిచేస్తుందో తెలుసుకునేందుకు ఒక దారి అయింది.

హద్దులు తేలాక నాడీకణాలు రకరకాలుగా విడిపోవాలి. పిట్క్స్ జన్యువు లేకపోతే సెరటోనిన్ నాడీకణాలు రావు. ఓవో జన్యువు లేకపోతే కన్నే రాదు. కణం పుట్టాక దాని నుంచి సాగే ఆక్సాన్ అనే పొడవాటి తీగ సరైన చోటికి చేరాలి. నెట్రిన్, స్లిట్ అనే ప్రోటీన్లు ఆక్సాన్లకు దారి చూపుతాయి. ముఖ్యంగా స్లిట్ మధ్యరేఖ దగ్గరకు నాడులు కుప్పగా చేరకుండా తోసిపెడుతుంది. దాన్ని ఆపితే కొత్త మెదడు రెండు తమ్మెలూ మధ్యలో కలిసిపోతాయి.

ఈ దశలోనే బెంగళూరు నుంచి ముఖ్యమైన పని వచ్చింది. అక్కడి బళ్లారి రోడ్డులో, వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకే ఆవరణలో ఉన్న ఇన్‌స్టెమ్ అనే మూలకణ పరిశోధన సంస్థలో పాలకోడేటి దాశరథి ప్లనేరియా ప్రయోగశాల నడుపుతున్నారు. అంతకుముందు అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో బ్రెంటన్ గ్రేవ్లీతో కలిసి ఆయన 2006లో ఈ పురుగులోని మైక్రోఆర్ఎన్ఏలను వెలికితీశారు. మైక్రోఆర్ఎన్ఏ అంటే దాదాపు 22 అక్షరాల పొడవున్న చిన్న ఆర్ఎన్ఏ తునక. తనకు సరిపోలే మెసెంజర్ ఆర్ఎన్ఏకు అతుక్కుని, దాని నుంచి ప్రోటీన్ తయారు కాకుండా చూస్తుంది. ఏ ప్రోటీన్ ఎప్పుడు ఎంత ఉండాలన్నది సరిదిద్దే సన్నని పని ఇది.

మిర్-124 అనే మైక్రోఆర్ఎన్ఏ కుటుంబం పురుగు నుంచి మనిషి దాకా దాదాపు మార్పు లేకుండా నిలిచింది, అన్నిచోట్లా నాడీకణాల్లోనే సమృద్ధిగా ఉంటుంది. ప్లనేరియాలో దాన్ని ఆపడం కష్టం. సాధారణ ఆర్ఎన్ఏ ఇంటర్‌ఫియరెన్స్ అంత చిన్న తునకల మీద పనిచేయదు. మైక్రోఆర్ఎన్ఏకు అడ్డుపడే తునకలను కొవ్వు పొరల బుడగల్లో, అంటే లైపోసోముల్లో, పెట్టి కణాల్లోకి చేర్చే పద్ధతిని ఇన్‌స్టెమ్ బృందం రూపొందించింది. విద్యానంద్ శశిధరన్ మొదటి రచయితగా, వేముల ప్రవీణ్ కుమార్, మారేపల్లి సృజన్, సాంచెజ్ అల్వరాడో తదితరులతో కలిసి 2017లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. మిర్-124 తగ్గిన పురుగుల్లో కొత్త మెదడు వచ్చింది గానీ దాని అమరిక చెదిరింది. కంటి కణాలకు పూర్వరూపాలైన కణాల పుట్టుక కూడా దెబ్బతింది. స్లిట్-1 మోతాదును మిర్-124 అదుపులో ఉంచుతుందని, అది నేరుగా స్లిట్-1 మెసెంజర్ ఆర్ఎన్ఏ మీద గానీ, నాచ్ అనే మరో సంకేత మార్గం ద్వారా గానీ జరుగుతుండవచ్చని వారు వివరించారు. మిర్-124 నాడీకణాల పుట్టుకకు తోడ్పడుతుందని అప్పటికే తెలుసు. పుట్టిన నాడులు ఒక పద్ధతిలో అల్లుకోవడానికి కూడా అది కావాలన్నది ఈ పరిశోధన చేర్చిన కొత్త సంగతి.

అదే సంవత్సరం అదే సంస్థ నుంచి, తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వచ్చిన ఆకాశ్ గుల్యాని, పాలకోడేటి, నిషాన్ షెట్టిగార్ తదితరులు ప్లనేరియా చూపు గురించి రాశారు. ఈ కంటిలో రంగులను వేరుచేసే గ్రాహకాలు లేవు, కాంతిని పట్టే ఆప్సిన్ అనే ప్రోటీన్ ఒకే రకం ఉంది. అయినా కాంతి తరంగదైర్ఘ్యం 25 నానోమీటర్లు మారితే పురుగు పాకే దిశ మారిపోతుంది, ఎందుకంటే కంటికి చేరే కాంతి మోతాదుల్లో స్వల్ప తేడాను కూడా మెదడు పోల్చి చూస్తుంది. తల కోసి తిరిగి పెరిగే దశలను గమనిస్తే ఇంకో సంగతి తెలిసింది. కళ్లు వచ్చిన కొత్తలో పురుగు వెలుతురును గుర్తిస్తుంది గానీ సన్నని తేడాలను పట్టుకోలేదు. ఆ నేర్పు తర్వాత వస్తుంది. నాడీ వ్యవస్థ మళ్లీ పెరిగిందని చెప్పడానికి ఆకారం చాలదని, పనిని కూడా కొలవాలని ఈ పరిశోధన గట్టిగా చూపింది.

 కన్ను అనే నిర్మాణానికి మరో వైపు నుంచి పాఠం చెప్పేవి సున్నపురాయి గుహలు.     ఆంధ్రప్రదేశ్‌లోని సున్నపురాయి గుహల నీటిలో నివసించే, రొయ్యకు దూరపు బంధువైన ఒక చిన్న జీవిని 2011లో ఆస్ట్రేలియాకు చెందిన జార్జ్ విల్సన్, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి ఆంధ్రకాయిడిస్ అనే కొత్త ప్రజాతిగా వర్ణించారు. దానికి కళ్లు లేవు. అమెరికా గుహల్లోని స్ఫాలోప్లానా అనే తెల్లటి ప్లనేరియాలదీ అదే స్థితి. చీకటిలో తరతరాలు గడిచేసరికి ఈ జీవులకు కన్ను పోయింది. బయట ఉన్న ప్లనేరియా కత్తివేటుకు పోయిన కన్నును రోజుల్లో తెచ్చుకుంటుంది. ఓవో వంటి జన్యువులు మేలుకుంటే కన్ను వస్తుందని, ఆపితే రాదని ప్రయోగశాలలో తెలిసింది కాబట్టి, గుహ జీవుల్లో ఈ మార్గం ఎక్కడ తెగిందో అడిగేందుకు ఇప్పుడు ఒక పద్ధతి ఉంది.

కొత్త కంటి నుంచి మెదడుకు నాడి ఎలా చేరుతుందన్నది 2020లో తేలింది. రెడ్డియన్ ప్రయోగశాలకు చెందిన లూసిలా సిమోన్ తదితరులు కంటి దగ్గరా, మెదడు దగ్గరా కొన్ని ప్రత్యేక కండర కణాలను గుర్తించారు. కంటి ఆక్సాన్లు వాటిని ఆనుకునే సాగుతాయి. కళ్లు లేకపోయినా ఆ కణాలు తమ తమ చోట్లకు వచ్చి నిలుస్తాయి, అంటే దారి కంటితో సంబంధం లేకుండా ఏర్పడుతుంది. చోటు చెప్పే పనిలాగే దారి చూపే పనిలోనూ కండరానికి పాత్ర ఉందన్నమాట.

2021లో షెట్టిగార్, గుల్యాని, పాలకోడేటి తదితరులు మెదడుకూ కంటికీ సంబంధం లేని మరో చూపును బయటపెట్టారు. ప్లనేరియా ఒంటి అంచుల పొడవునా, ఒళ్లంతా పరుచుకున్న నాడుల వలకు దగ్గరగా, రెండు రకాల ఆప్సిన్లున్న కణాలు వరుసగా ఉంటాయి. తల తీసేసిన పురుగు కూడా అతినీలలోహిత కాంతి పడితే వాటి సాయంతో, తల ఉన్న పురుగులాగే, ఒద్దికగా తప్పుకుపోతుంది. గుడ్డు నుంచి బయటికి వచ్చేనాటికే కళ్లు పనిచేస్తాయి, ఈ అంచు కణాల వరుస మాత్రం పురుగు పెద్దయ్యాకే పరిపక్వమవుతుంది. తల ఉన్న పురుగు నిశ్చలంగా విశ్రాంతిలో ఉన్నప్పుడు దాన్ని కదిలించేది కూడా ఇదే. మామూలు వెలుతురుకు కదలని పురుగు కొద్దిపాటి అతినీలలోహిత కాంతికి కదులుతుంది, ఆ ఆప్సిన్లను ఆపితే ఆ కదలికా ఉండదు.